బ్రాంచి ఫోన్ కోసం ఎక్స్ఛేంజిని బజారున పెట్టకండి

ఒకటికి మించి ఆఫీసులున్న ప్రతి వ్యాపారికీ, ఆస్పత్రి నిర్వాహకుడికీ, చిట్‌ఫండ్ మేనేజరుకీ, కాలేజీ కరస్పాండెంటుకీ ఈ హెచ్చరిక. మీ బ్రాంచిలోని ఐపీ ఫోన్లు ఇంటర్నెట్ మీదుగా మెయిన్ ఆఫీసు ఎక్స్ఛేంజికి కలిసి ఉంటే, వాటిని ఏ పద్ధతిలో కలిపారో ఈ వారంలోనే కనుక్కోండి. రౌటర్‌లో పోర్టులు తెరిచి నేరుగా కలిపి ఉంటే ఈరోజే మూయించండి. మధ్యలో వీపీఎన్ (రెండు ఆఫీసుల మధ్య గుప్తీకరించిన దారి) లేక, పాస్‌వర్డు గట్టిది కాక, ఐఎస్‌డీకి లాక్ వేయక నడుస్తున్న ఎక్స్ఛేంజి మీదైతే, ముక్కూమొహం తెలియనివాడు మీ లైన్ మీద ఏ దేశానికైనా ఫోన్ చేసుకోగలడు. బిల్లు మీ పేరునే వస్తుంది.

ఇలా జరిగిన చోట్లు ఉన్నాయి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, నార్‌క్రాస్ పట్టణంలో ఏడుగురు పనిచేసే ఆర్కిటెక్ట్ సంస్థ ఒకటి 2014లో ఒక శనాదివారాల్లో ఈ దెబ్బ తింది. ఆఫీసులో మనిషి లేని ఆ రెండు రోజుల్లో వాళ్ల ఫోన్ వ్యవస్థ నుంచి గాంబియా, సోమాలియా, మాల్దీవులకు కాల్స్ వెళ్లాయి. తేలిన బిల్లు 1,66,000 డాలర్లు. వాళ్ల మామూలు వాడకం ప్రకారం అంత బిల్లు కావాలంటే 34 ఏళ్లు పడుతుందని న్యూయార్క్ టైమ్స్ ఆ ఏడాది అక్టోబరులో లెక్కగట్టి రాసింది. అంతకు మూడేళ్ల ముందు, 2011 నవంబరులో, ఫిలిప్పీన్స్ పోలీసులు ఎఫ్‌బీఐతో కలిసి మనీలాలో నలుగురిని పట్టుకున్నారు. అమెరికన్ కంపెనీల ఎక్స్ఛేంజీల్లోకి దూరి ఏటీ అండ్ టీ సంస్థకు దాదాపు 20 లక్షల డాలర్ల నష్టం తెచ్చిన ముఠా అది. ఆ సొమ్ము ఉగ్రవాదుల చేతికి చేరిందని పోలీసులు అప్పట్లో ప్రకటించారు.

పాత కథలని తోసెయ్యకండి. 2020 నవంబరులో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టిన దాడికి దాదాపు 1,200 సంస్థల ఫోన్ సర్వర్లు గురయ్యాయి. అవన్నీ ఉచితంగా దొరికే ఫ్రీపీబీఎక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థలు. అదే ఫ్రీపీబీఎక్స్‌లో 2025 ఆగస్టులో మరో లోపం బయటపడింది. పాస్‌వర్డు తెలియకపోయినా లోపలికి వెళ్లగలిగే లోపం అది. అడ్మిన్ పేజీని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచినవాళ్ల మీద దొంగలు పడ్డాకే అది లోకానికి తెలిసింది. ఖర్చు తక్కువని మన ఊళ్లలోనూ ఎందరో ఆస్టరిస్క్, ఫ్రీపీబీఎక్స్‌ల మీద ఎక్స్ఛేంజీలు నడుపుకుంటున్నారు. అవి మంచి సాఫ్ట్‌వేర్లే. పెట్టిన మనిషి బిల్లు తీసుకుని వెళ్లిపోయాక వాటిని ఎవరూ అప్‌డేట్ చేయకపోవడమే ముప్పు.

ఇంకొకరి లైన్ మీద సోమాలియాకు ఫోన్ చేస్తే దొంగకు ఏం వస్తుందని అడగవచ్చు. అక్కడ మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. కొన్ని దేశాలకు చేసే కాల్‌కు నిమిషానికి ధర చాలా ఎక్కువ. ఆ కాల్‌ను చివరికి అందించే సంస్థకు అందులో వాటా ముడుతుంది. అలాంటి నంబర్లను అద్దెకిచ్చి, ఎన్ని నిమిషాల కాల్స్ తెప్పిస్తే అంత కమీషన్ ఇచ్చే దళారులు ఉన్నారు. దొంగ ఆ నంబర్లు తీసుకుంటాడు, మీ ఎక్స్ఛేంజిలో దూరతాడు, మీ లైన్లన్నింటి నుంచీ ఒకేసారి వాటికి డయల్ చేయిస్తాడు. అవతల ఒక యంత్రం ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంటుంది. నిమిషాలు పేరుకుపోతాయి. మీకు నెలాఖరుకు బిల్లు వచ్చేసరికి అతని కమీషన్ అతనికి చేరిపోతుంది.

మన కొలతల్లో చూద్దాం. మధ్యతరహా ఆఫీసుల్లో ఉండే ఒక పీఆర్ఐ లైన్ మీద ఒకేసారి 30 కాల్స్ వెళ్తాయి. శనివారం రాత్రి ఏడింటికి ఆఫీసు మూసి సోమవారం ఉదయం తొమ్మిదింటికి తెరిస్తే మధ్యలో 38 గంటలు. ముప్పై చానెళ్లూ ఆగకుండా నడిస్తే 68,400 నిమిషాలు. నిమిషానికి 20 రూపాయలే వేసుకున్నా 13 లక్షల 68 వేల రూపాయలు. భోగి, సంక్రాంతి, కనుమ అంటూ వరసగా మూడు రోజులు తలుపులు మూసే ఆఫీసుకు ఇది ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. దొంగలు రాత్రులనూ, ఆదివారాలనూ, పండగలనూ ఎంచుకునేది ఇందుకే.

ఇందులో బ్రాంచి పాత్ర ఏమిటి? ఒకే భవనంలో ఉన్నంతకాలం ఎక్స్ఛేంజి లోపలే ఉంటుంది, బయటివాళ్లకు కనిపించదు. రెండో ఊళ్లో బ్రాంచి తెరిచిన రోజు దాన్ని బయటికి చూపించాల్సిన అవసరం పడుతుంది. పొరపాటు అక్కడే జరుగుతుంది, అదీ దాదాపు ప్రతిచోటా ఒకే వరసలో.

ఐపీ ఫోన్ పని రెండు భాగాలు. ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారో చెప్పే కబురు సిప్ అనే పద్ధతిలో, మామూలుగా 5060 పోర్టు మీద వెళ్తుంది. మాట మాత్రం ఆర్‌టీపీ పేరుతో వేరే పోర్టుల్లో ప్రయాణిస్తుంది. బ్రాంచి ఫోన్ ఒక చిన్న రౌటర్ వెనక ఉంటుంది కదా, దాని చిరునామా 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా. ఫోన్ పంపే కబురులో అదే రాసి ఉంటుంది. మెయిన్ ఆఫీసు ఎక్స్ఛేంజి ఆ చిరునామాకే మాటను పంపబోతుంది. బయట అలాంటి చిరునామాకు దారి ఉండదు కనుక మాట చేరదు. ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, ఒకరి మాట రెండోవారికి వినపడుతుంది, రెండోవారి మాట మొదటివారికి వినపడదు. రౌటర్లలో సాయం చేస్తానని ఉండే సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగు చాలాసార్లు దీన్ని మరింత పాడుచేస్తుంది.

ఆ సమయంలో టెక్నీషియన్ మీద ఒత్తిడి ఊహించండి. ప్రారంభోత్సవం రేపు. మేనేజరు గంటకోసారి అడుగుతున్నాడు. అతనికి తెలిసిన దగ్గరి దారి ఒకటే. మెయిన్ ఆఫీసు రౌటర్‌లో 5060నూ, 10000 నుంచి 20000 దాకా ఉన్న పోర్టులన్నింటినీ నేరుగా ఎక్స్ఛేంజికి మళ్లిస్తాడు. అదీ కుదరకపోతే ఎక్స్ఛేంజినే రౌటర్ రక్షణ లేని డీఎంజెడ్‌లో పెట్టేస్తాడు. మాట ఠక్కున వినపడుతుంది. అందరూ సంతోషిస్తారు, పని అయిపోయిందని సంతకం పెడతారు. ఆ క్షణం నుంచి మీ ఎక్స్ఛేంజి ప్రపంచంలో ఎవరు తట్టినా పలుకుతుంది. ఆ పోర్టులు తెరిచిన సంగతి యజమానికి ఎవరూ చెప్పరు, కాగితం మీద ఎక్కడా రాయరు.

తట్టడానికి మనుషులు కూర్చోనక్కర్లేదు. ఇంటర్నెట్ చిరునామాలన్నింటినీ వరసగా వెతుకుతూ 5060 మీద పలికేవాటిని ఏరే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. భద్రతా పరీక్షల కోసం 2007లో వచ్చిన సిప్‌విషస్ అనే ఉచిత పనిముట్టును దొంగలూ ఎత్తుకున్నారు. అది పెట్టుకునే ఫ్రెండ్లీ-స్కానర్ అనే పేరు ఎక్స్ఛేంజి లాగుల్లో (అది రాసుకునే రికార్డుల్లో) కనిపిస్తే మీ మీద వెతుకులాట నడుస్తోందని అర్థం. అది 100, 101, 102 అంటూ ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో కనుక్కుంటుంది, తర్వాత పాస్‌వర్డులు ఒక్కొక్కటే వేసి చూస్తుంది. మన ఆఫీసుల్లో 101 ఎక్స్‌టెన్షన్‌కు పాస్‌వర్డు 101 అనో, 1234 అనో పెట్టే అలవాటు ఎంత ఉందో ఈ రంగంలో పనిచేసేవాళ్లకు తెలుసు. ఒక్క ఎక్స్‌టెన్షన్ దొరికితే చాలు. దొంగ చేతిలోని ఫోన్ మీ బ్రాంచి ఫోన్‌గా నమోదవుతుంది.

డబ్బు పోవడం ఒక నష్టం. మాట పోవడం మరొకటి, దానికి బిల్లు కూడా రాదు. గుప్తీకరణ లేని ఆర్‌టీపీ మాటను దారిలో పట్టుకోగలిగినవాడు వైర్‌షార్క్ అనే ఉచిత ప్రోగ్రాములో తెరిచి, ఒక బటన్ నొక్కి మొత్తం సంభాషణ వినవచ్చు. ఆస్పత్రి బ్రాంచి నుంచి రోగి రిపోర్టు చదివి వినిపిస్తున్నప్పుడూ, చిట్‌ఫండ్ ఆఫీసులో ఖాతాదారు తన వివరాలు చెప్తున్నప్పుడూ పోయేది వాళ్ల గుట్టు. దానికి మీరు కాపలాదారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, తగిన భద్రత పెట్టనందుకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలుంది.

బల్ల మీది ఫోన్ కూడా ఒక కంప్యూటరే. 2019 ఆగస్టులో మెకాఫీ పరిశోధకులు అవయా డెస్క్ ఫోన్లలో ఒక లోపాన్ని చూపించారు. అది 2009లోనే బయటపడి, మూల సాఫ్ట్‌వేర్‌లో సరిచేసిన లోపం. ఫోన్‌లో మాత్రం పదేళ్లపాటు అలాగే ఉండిపోయింది. ఫోన్లకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటుందన్న సంగతే చాలా ఆఫీసుల్లో ఎవరికీ పట్టదు.

మరి సరైన దారి ఏది? బ్రాంచి రౌటర్‌కూ మెయిన్ ఆఫీసు రౌటర్‌కూ మధ్య ఐపీసెక్ గానీ వైర్‌గార్డ్ గానీ వాడి వీపీఎన్ వేయించండి. స్తోమత ఉంటే టెలికాం సంస్థ నుంచి ఎంపీఎల్‌ఎస్ లైన్ తీసుకోండి. అప్పుడు రెండు ఆఫీసులూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టే. ఒకవైపే వినపడే జబ్బు మొదలంటా పోతుంది, పోర్టులు తెరిచే పని ఉండదు. 5060 బయటికి పూర్తిగా మూసేయవచ్చు. లైన్లు ఇచ్చే టెలికాం సంస్థ సిప్ ట్రంక్ కోసం తెరవాల్సి వస్తే ఆ సంస్థ చిరునామాలకు మాత్రమే తెరవండి. సిప్‌కు టీఎల్‌ఎస్, మాటకు ఎస్ఆర్‌టీపీ గుప్తీకరణ పెట్టించండి. ఫోన్లను వేరే వీలాన్‌లో (విడి నెట్‌వర్క్ భాగంలో) ఉంచి, అక్కడి నుంచి ఎక్స్ఛేంజికి తప్ప మరెక్కడికీ దారి లేకుండా చేయండి. లేకపోతే బ్రాంచిలో ఎవరో తెచ్చిన వైరస్ పట్టిన లాప్‌టాప్ అదే వీపీఎన్ మీద నడిచి వచ్చి మెయిన్ ఆఫీసు అకౌంట్స్ సర్వర్‌ను పట్టుకుంటుంది.

ఇక్కడ బ్యాండ్‌విడ్త్ సంగతి తప్పక చూడాలి. భద్రతను చాలాచోట్ల చెడగొట్టేది అదే. జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కు ఒక్కో దిశలో దాదాపు 87 కిలోబిట్లు కావాలి. వీపీఎన్ అదనపు బరువు కలిస్తే వంద దాటుతుంది. ఒకేసారి పది కాల్స్ నడిచే బ్రాంచికి అప్‌లోడ్‌లో ఒక మెగాబిట్‌కు పైగా మాటకే కేటాయించి ఉంచాలి. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకూడదన్నది అంతర్జాతీయ టెలికాం సమాఖ్య సూచన. రౌటర్‌లో క్యూఓఎస్ పెట్టి మాట ప్యాకెట్లను ముందు పంపకపోతే, బ్రాంచిలో ఎవరో సీసీ కెమెరా రికార్డింగు అప్‌లోడ్ చేసినప్పుడల్లా మాట తెగిపోతుంది. వెంటనే వీపీఎన్ వల్లే ఇలా అవుతోందన్న మాట పుడుతుంది, దాన్ని తీయించేస్తారు, మళ్లీ పోర్టులు తెరుచుకుంటాయి. ముందే సరిపడా లైన్ తీసుకోని సంస్థ తర్వాత భద్రతను బలిపెడుతుంది.

వీపీఎన్ వేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. దొంగతనం జరిగినా దెబ్బ చిన్నదయ్యేలా కట్టడి చేయండి. విదేశీ కాల్స్ అవసరం లేని ఎక్స్‌టెన్షన్లన్నింటికీ ఐఎస్‌డీ ఆపేయండి. అవసరమున్నవాటికి ఏ దేశాలో రాసి, అవి మాత్రమే తెరవండి. ఆఫీసు వేళలు దాటాక బయటి కాల్స్ ఆగిపోయేలా సమయం కట్టండి. బయటికి వెళ్లే కాల్స్ ఒకేసారి ఎన్ని ఉండవచ్చో పరిమితి పెట్టండి. రోజుకు ఇంత మొత్తం దాటితే లైన్ ఆపాలని టెలికాం సంస్థకు రాతపూర్వకంగా చెప్పండి. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ పొడవైన, అర్థంలేని పాస్‌వర్డు పెట్టించండి. ఉద్యోగం మానినవాళ్ల ఎక్స్‌టెన్షన్లు అదే రోజు తీసేయండి.

ప్రాణంతో ముడిపడిన హెచ్చరిక ఒకటి మిగిలింది. 2008 ఏప్రిల్‌లో కెనడాలోని కాల్గరీలో ఏడాదిన్నర బిడ్డకు ప్రాణం మీదికి వస్తే ఇంటివాళ్లు ఇంటర్నెట్ ఫోన్ నుంచి అక్కడి అత్యవసర నంబరు 911కు చేశారు. అంబులెన్సు వెళ్లింది, వాళ్లు అంతకుముందు ఉన్న మిసిసాగా ఇంటికి. ఆ ఊరు అక్కడికి వేల కిలోమీటర్ల దూరం. బిడ్డ దక్కలేదు. ఫోన్ ఉన్న చోటుకూ లైన్ నమోదైన చోటుకూ తేడా వస్తే జరిగేది ఇదే.

ఇప్పుడు మన సంగతి చూడండి. ఎక్స్ఛేంజి హైదరాబాదులో, బ్రాంచి శ్రీకాకుళంలో. అక్కడి ఫోన్ నుంచి బయటికి వెళ్లే కాల్ హైదరాబాదు లైన్ మీదే వెళ్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవను ఇప్పుడు రెండు రాష్ట్రాలూ వేర్వేరుగా నడుపుకుంటున్నాయి. శ్రీకాకుళంలో గుండె పట్టుకుని పడిపోయిన మనిషి కోసం చేసిన 108 కాల్ తెలంగాణకు పోతే పోయే నిమిషాలను ఎవరు తిరిగి తెస్తారు? ప్రతి బ్రాంచిలోనూ అదే ఊరి లైన్ ఒకటి గానీ, ఛార్జింగ్‌లో ఉన్న మొబైల్ ఒకటి గానీ ఉంచండి. 108, 112, 100, 101 నంబర్లు అక్కడి లైన్ మీదే వెళ్లేలా పెట్టించండి. బయటి లైన్ కోసం ముందు సున్నా నొక్కినా, నొక్కకపోయినా అవి కలవాలి. అమెరికాలో 2013లో ఒక మోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల పాప నాలుగుసార్లు 911 నొక్కింది. ముందు 9 నొక్కితేనే బయటి లైన్ వస్తుందని ఆ పాపకు తెలియదు. 2018లో అక్కడ దీని మీదే చట్టం చేశారు. కరెంటు పోతే ఐపీ ఫోన్ మూగబోతుందనీ మరవకండి. ఫోన్లకు కరెంటిచ్చే స్విచ్‌నూ, రౌటర్‌నూ యూపీఎస్ మీద పెట్టండి.

చట్టం వైపు నుంచీ జాగ్రత్త. సొంత నెట్‌వర్క్ మీద బ్రాంచీ మెయిన్ ఆఫీసూ తమలో తాము మాట్లాడుకోవడం వేరు. బయటి టెలిఫోన్ కాల్‌ను ఆ నెట్‌వర్క్ మీదుగా నడిపించి మరో ఊళ్లో బయటి లైన్‌లోకి దించడం వేరు. రెండోదాన్ని టోల్ బైపాస్ అంటారు, దాని మీద ఆంక్షలున్నాయి. కాల్ సెంటర్ల నిబంధనలను కేంద్రం 2020లోనూ, 2021లోనూ సడలించింది. అంతమాత్రాన అందరికీ అన్నీ అనుమతించినట్టే అనుకోకూడదు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా టెలికాం సేవలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. మీ అమరిక సమ్మతమేనా అని లైసెన్సున్న మీ టెలికాం సంస్థను అడిగి, జవాబు రాతలో తీసుకోండి. దొంగలు మీ ఎక్స్ఛేంజిని విదేశీ కాల్స్ దించే అడ్డాగా మారిస్తే, పోలీసులు ముందు వెతికేది ఆ లైన్ ఎవరి పేరున ఉందనే.

దాడి జరిగిందని అనుమానం వస్తే ముందు ఎక్స్ఛేంజిని బయటికి కలిపే ట్రంక్ లైన్ పీకేయండి, తర్వాతే కారణాలు వెతకండి. టెలికాం సంస్థకు ఫోన్ చేసి ఐఎస్‌డీ ఆపించి, ఫిర్యాదును ఈమెయిల్‌లోనూ పంపండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడిని గుర్తించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలి, లాగులను 180 రోజులు దాచాలి. సర్వర్‌ను తుడిచి కొత్తగా పెట్టేయాలన్న తొందరలో లాగులు పోగొట్టుకుంటే మీ తప్పు లేదని చూపించే ఆధారం మీరే చెరిపేసినవారవుతారు.

భారమంతా చిన్న వ్యాపారి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఎక్స్ఛేంజి అమ్మి, బిగించి వెళ్లే సంస్థలు తాము తెరిచిన పోర్టులేవో, పెట్టిన పాస్‌వర్డులేవో రాసి ఇవ్వాలి. టెలికాం సంస్థలు వ్యాపార లైన్లకు ఐఎస్‌డీని మూసే ఇవ్వాలి, అడిగినవారికే తెరవాలి. నెలంతా నాలుగు లోకల్ కాల్స్ చేసే ఆఫీసు నుంచి ఆదివారం అర్ధరాత్రి సోమాలియాకు ముప్పై కాల్స్ ఒకేసారి వెళ్తుంటే ఆ లైన్‌ను ఆపగల యంత్రాంగం వాళ్ల దగ్గర ఉండాలి. మన దేశపు నంబర్ల ముసుగులో విదేశాల నుంచి వచ్చే కాల్స్‌ను పట్టే వ్యవస్థను టెలికాం శాఖ 2024 అక్టోబరులో మొదలుపెట్టినప్పుడు తొలి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ దొరికాయి. లోపలికి వచ్చే కాల్స్‌కు పెట్టిన కాపలా, దోపిడీకి గురైన ఆఫీసుల నుంచి బయటికి పోయే కాల్స్‌కూ పెట్టాలి. దొంగ చేసిన కాల్స్ బిల్లు మొత్తం బాధితుడే కట్టాలా అన్నదాని మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ స్పష్టమైన నియమం తేవాలి. మన వాణిజ్య మండళ్లు ఈ డిమాండును చేతిలోకి తీసుకోవాలి.

ఆ నియమాలు వచ్చేదాకా దొంగలు ఆగరు. రేపు ఆఫీసుకు వెళ్లగానే మీ టెక్నీషియన్‌ను పిలిచి నాలుగు ప్రశ్నలు అడగండి. మన ఎక్స్ఛేంజి బయటి ఇంటర్నెట్ నుంచి కనిపిస్తోందా? బ్రాంచి ఫోన్లు వీపీఎన్‌లోనే వస్తున్నాయా? ఐఎస్‌డీ ఎవరెవరికి తెరిచి ఉంది? బ్రాంచి నుంచి 108 చేస్తే ఎక్కడ మోగుతుంది? జవాబులు నోటిమాటగా తీసుకోకండి, రాయించుకోండి. వాటిలో ఒక్కదానికి తడబడినా, సరిచేసేదాకా ఆఫీసు వేళల తర్వాత బయటి లైన్లు ఆపి ఉంచండి.